పద్నాలుగో నంబరు ఫ్రేము

సైకిల్ ఏదైనా సరే, దాని కుడి చెంప చూసి వయసు లెక్కగట్టడం ఆ పాత సైకిళ్ల క్లబ్బులో తాతల నాటి అలవాటు. గొలుసు, పళ్ల చక్రం, గేరు అన్నీ కుడివైపే ఉంటాయి కాబట్టి ఫొటో తీసినా కుడివైపే, గోడకి తగిలించినా కుడివైపు బయటికే. ఎడమవైపుని గోడ చూస్తుంది, బల్లులు చూస్తాయి. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, కొలతలమ్మకి కూడా తోచలేదు.

కొలతలమ్మ అన్నది క్లబ్బువాళ్లు పెట్టిన పేరు. పాత ఫ్రేములు బాగుచేసి రంగు వేసే షెడ్డు ఆవిడది. చీర కొంగు బొడ్లో దోపి, చెవి వెనక పెన్సిలు, చేతిలో గొట్టాల మందం కొలిచే వెర్నియరు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్లు తక్కువ. రెండేళ్ల క్రితం క్లబ్బు ఆవిణ్ణి ఫ్రేముల వయసు తేల్చే పరీక్షకురాలిగా వేసుకున్నప్పుడు, "ఆడవాళ్లకి వయసు దాచడం తెలుసుగానీ చెప్పడం ఏం తెలుస్తుంది" అని ఒకాయన జోకు వేశాడు. నలుగురూ పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ తర్వాత రెండేళ్లలో నూట పది ఫ్రేములకి వయసు చెప్పింది, ఒక్కటీ తప్పలేదు. జోకు వేసినాయనే తన సైకిల్ పట్టుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ ఆదివారం పొద్దున హాల్లో నలభై ఫ్రేములు కొక్కేలకి వేలాడుతున్నాయి. చక్రాల్లేవు, సీట్లు లేవు, ఉత్త ఎముకలు. వచ్చే శనివారం ప్రదర్శన. ఒక్కో ఫ్రేముకీ నంబరు చీటీ ఉంటుంది తప్ప ఎవరు తెచ్చారో, ఎక్కడ దొరికిందో రాయరు. పేరు చూసి వయసు మారిపోకూడదని క్లబ్బు పట్టుదల. పందొమ్మిది వందల డెబ్బై అయిదుకి ముందువైతే క్లబ్బు ఏటా కొండ మీదికి సైకిల్ పందెం పెట్టిన రోజుల నాటివి, వాటికి హాల్లో పెద్ద గోడ మీద, విజేతల బోర్డు పక్కన చోటు. తర్వాతివైతే వెనక వరండాలోకి.

పద్నాలుగో నంబరు దగ్గర ఆవిడ కాస్త ఎక్కువసేపే ఆగింది. చూపుడువేలితో పైగొట్టాన్ని లేపితే కొక్కెం మీంచి తేలికగా లేచింది. బక్కపల్చటి గొట్టాలు. గొట్టాలు కలిసేచోట తొడిగే లగ్గుల్ని ఎవరో మేస్త్రి ఓపిగ్గా ఆకురాయితో అరగదీసి, చివరలు తమలపాకు కొసల్లా సన్నం చేశాడు. గోటితో రాస్తే గొట్టం ఎక్కడ ఆగిందో, లగ్గు ఎక్కడ మొదలైందో తెలియలేదు. అంత పని డెబ్బైల మొదట్లోనే ఆగిపోయింది. ఫ్రేము పొట్టిది కూడా, మగవాళ్లెవరూ మోకాళ్లు గడ్డానికి తగలకుండా తొక్కలేనంత పొట్టిది. ఇంతా చూసి, వెనక్కి వంగి, చక్రం ఇరుసు కూర్చునే చీలిక ముక్క దగ్గర ఆగిపోయింది. ఆ ముక్కకి గేరు వేలాడే చెవి కలిపే పోత పోసి ఉంది. చెవి మీద చిన్న గుండ్రటి ముద్ర. ఆ ముద్ర డెబ్బై ఎనిమిదికి ముందు పుట్టలేదు.

ఒక ఫ్రేములో అన్నిటికంటే కొత్త భాగం వయసే ఫ్రేము వయసు. ఈ పనిలో మొదటి పాఠం అది. ఆవిడ పెన్సిలు తీసి కార్డు మీద రాసింది: డెబ్బై ఎనిమిదికి ముందుది కాదు. కింద సంతకం పెట్టింది. పదిహేనో నంబరు వైపు తిరిగింది.

అప్పుడే ఆవిడ అత్తగారు భోజనం క్యారియరు పట్టుకుని హాల్లోకి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా గట్టిగా ఉంటుంది, మెట్లు రెండేసి ఎక్కుతుంది. క్యారియరు బల్ల మీద పెట్టబోతూ ఆగి, తిన్నగా పద్నాలుగో నంబరు దగ్గరికి నడిచింది. ఎవరినీ అడగకుండా పైగొట్టం మీద అరచెయ్యి వేసింది.

"ఇది నాది," అంది.

క్లబ్బు అధ్యక్షుడు అక్కడే ఉన్నాడు. మెడలో ఎప్పుడూ స్టాప్ వాచీ వేలాడేసుకుంటాడని వెనకాల అందరూ ఆయన్ని గడియారం అంటారు. "ఏవిటి పెద్దమ్మగారూ, సైకిలా?" అన్నాడు నవ్వుతూ.

"డెబ్బై నాలుగులో కొండెక్కింది దీని మీదే. అందరికంటే ముందు ఎక్కాను. ఆడదాని పేరు మా పుస్తకంలో లేదన్నారు, వెనకొచ్చిన వాడికి కప్పిచ్చారు."

బోర్డు మీద డెబ్బై నాలుగు ఎదురుగా ఉన్నది గడియారంగారి అన్నయ్య పేరే. శనివారం రిబ్బను కత్తిరించబోయేదీ ఆ అన్నయ్యే. గడియారంగారు కోపం తెచ్చుకోలేదు. కోప్పడితే మర్యాదగా ఉండేది. పద్నాలుగో నంబరు కార్డు తిప్పి, చేతిని దూరంగా చాపి, ఊరికంతటికీ వినబడేలా చదివాడు.

"డెబ్బై ఎనిమిదికి ముందుది కాదు. సంతకం మీ కోడలిదేనండీ! పుట్టని సైకిల్ మీద నాలుగేళ్ల ముందే కొండెక్కారన్నమాట."

హాల్లో ఉన్న అయిదారుగురూ నవ్వారు. వాళ్లతోపాటు కొలతలమ్మ కూడా నవ్వింది. పెద్ద నవ్వేం కాదు, పెదవి చివర. అత్తగారి కొండ కథ పెళ్లయిన నాటి నుంచీ విని విని చెవులు తుప్పుపట్టిన కోడలి నవ్వు. కానీ నవ్వు నవ్వే కదా.

అత్తగారు అది చూసింది. ఫ్రేము మీంచి చెయ్యి తీసింది. "పప్పు చల్లారిపోతుంది, తిను," అని చెప్పి వెళ్లిపోయింది. ఈసారి మెట్లు ఒక్కొక్కటే దిగింది.

*

సాయంత్రం ఇంట్లో కొలతలమ్మకి భయం వేసింది. అత్తగారు అలిగితే గిన్నెలు మోగుతాయి, తలుపులు మోగుతాయి, పక్కింటివాళ్లకి కూడా సంగతి తెలుస్తుంది. ఆ రోజు గిన్నె చప్పుడు కూడా కాలేదు. కిటికీ పక్కన కూర్చుని కొడుకు చొక్కాకి గుండీలు కుడుతోంది.

కొడుకు బట్టల మిల్లులో ఫిట్టరు. సంగతి అప్పటికే వీధి మలుపులో విని వచ్చాడు. "ఏవమ్మా, ఇవాళ కూడా కొండెక్కావట? ఏటా కొండ ఒక గజం పెరుగుతోంది సుమా," అన్నాడు. మామూలు రోజైతే ఆవిడ చేతిలో ఉన్నది విసిరేది. ఇప్పుడు దారం పళ్లతో తెంపి చొక్కా మడత పెట్టింది.

"నువ్వు ఊరుకుంటావా కాస్త," అంది కొలతలమ్మ మొగుడితో. ఆ మాట పొద్దున హాల్లో అనాల్సిందని అంటూ ఉండగానే తెలిసింది.

అతను కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాక, వెళ్లి అత్తగారి పక్కన నేలమీద కూర్చుంది. "అత్తయ్యా, నేను అబద్ధం రాయలేదు. గేరు చెవి డెబ్బై ఎనిమిదిది. నా కళ్లతో చూశాను."

"ఏ పక్కన చూశావు?"

"కుడిపక్కన."

"పందెం గీత దాటాక పడ్డాను. కుడిపక్కకే పడ్డాను. వెనకంతా వంకర పోయింది. నాలుగేళ్లు చూరుకి వేలాడింది. తర్వాత మా నాన్న బాగుచేయించి ఎవరికో అమ్మేశాడు." ఆవిడ సూదుల డబ్బా మూత పెట్టింది. "ఎడమపక్క చూశావా?"

"ఎడమపక్క ఏముంటుంది అత్తయ్యా, చూడ్డానికి?"

అనేసి కొలతలమ్మ తన మాట తనే విన్నది. నూట పది ఫ్రేములు చూసిన మనిషి అనాల్సిన మాటేనా అది? అత్తగారు లేచి దుప్పటి దులుపుకుంది.

*

మర్నాడు పొద్దున్నే కొలతలమ్మ హాలు తాళం తీయించింది. ఊడ్చే ఆవిడ తప్ప ఎవరూ లేరు. పద్నాలుగో నంబరుని కొక్కెం మీంచి దింపి, పాత గోనెపట్టా పరిచిన బల్ల మీద బోర్లా పెట్టింది.

ముందు దారం. షెడ్డులో వంకరపోయిన ప్రతి ఫ్రేముకీ చేసే పరీక్షే, ఇక్కడ చెయ్యడానికి బద్ధకించిన పరీక్ష. ఎడమ చీలికకి దారం ముడేసి, ముందుకి లాగి, హ్యాండిలు దూరే తలగొట్టం చుట్టూ తిప్పి, కుడి చీలికకి బిగించి కట్టింది. సీటు గొట్టం నుంచి రెండువైపులా దారం ఎంత దూరంలో ఉందో వెర్నియరుతో కొలిచింది. సరైన ఫ్రేమైతే రెండూ సమానం. ఇక్కడ రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. మళ్లీ కొలిచింది. మళ్లీ రెండే. కుడివైపు ఎప్పుడో బలంగా లోపలికి నొక్కుకుపోయింది, ఎవరో దాన్ని చేతనైనంత వరకు తిన్నగా లాగారు.

తర్వాత ఎడమ చీలిక. అది చూసేసరికి ఆవిడకి ఒళ్లు మండింది, తన మీద తనకే. రెండు ముక్కలూ ఒక తల్లి బిడ్డలు కావు. కుడిది పోత పోసి నున్నగా, ముద్రతో, మందంగా ఉంది. ఎడమది రేకు కోసి చేత్తో తీర్చింది, పల్చగా, అంచున ఆకురాయి గీతలతో, ఏ ముద్రా లేకుండా. ఆ ఆకురాయి గీతలు లగ్గుల మీది గీతల్లాగే ఏటవాలుగా ఉన్నాయి. అదే మేస్త్రి చెయ్యి. బ్లేడు కొసతో అతుకుల దగ్గర గోరంత రంగు గీకింది. ఎడమవైపు పచ్చగా ఇత్తడి మెరిసింది. కుడివైపు తెల్లగా వెండి అతుకు. ఆ రోజుల మేస్త్రులు అతుక్కి ఇత్తడి తప్ప వాడేవాళ్లు కాదని సైకిల్ షాపుల్లో ఎవరినడిగినా చెప్తారు.

ఫ్రేము డెబ్బై రెండు, డెబ్బై మూడుది. డెబ్బై ఎనిమిదిలో పుట్టింది కుడి చీలిక ఒక్కటే. చిరిగిన చీరకి కొత్త మాసిక వేస్తే, మాసికని చూసి చీర కొత్తదని రాసిచ్చిందన్నమాట తను. తెలియనివాళ్లు చేసే తప్పు కాదిది. తెలుసన్న ధీమా ఉన్నవాళ్లే చేసే తప్పు.

ఊడ్చే ఆవిడ చీపురు ఆపి చూస్తోంది. "ఏవైందమ్మా, పగిలిందా?"

"పగల్లేదు. నా కళ్లు పోయాయంతే," అంది కొలతలమ్మ.

గడియారంగారు పది గంటలకి వచ్చాడు. ఆవిడ అన్నీ చూపించింది, దారం, ఇత్తడి, ఆకురాయి గీతలు. ఆయన కళ్లజోడు పెట్టుకుని మర్యాదగా చూశాడు. కళ్లజోడు తీసి కూడా మర్యాదగానే మాట్లాడాడు.

"చూడమ్మా, నిన్న పేరు తెలియకుండా ఒక మాట రాశావు. ఇవాళ పేరు తెలిశాక ఇంకో మాట అంటున్నావు. అదీ మీ అత్తగారి పేరు. నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ ఇటొచ్చి ఎడమవైపు చూడమనండి."

"అన్నిటికంటే కొత్త భాగం వయసే ఫ్రేము వయసు. ఆ రూలు పోయిన ఏడాది నువ్వే సభలో చెప్పావు. నేనే రాసుకున్నాను."

"పుట్టినప్పటి భాగాల్లో అన్నిటికంటే కొత్తది, అని చెప్పాల్సింది. సగమే చెప్పాను. తప్పు నాదే, దిద్దుకుంటున్నాను."

"దిద్దుకుంటే మిగతా నూట పదీ ఎవరు నమ్ముతారు? నీ మంచికే చెబుతున్నా. ఈ పని నీకు ఇప్పించడానికి ఎంత మందితో పోట్లాడానో నీకు తెలుసు." ఆయన గొంతు తగ్గించాడు. "ముసలావిడ, ఏదో సరదాకి అంటుంది. వయసు మీద పడ్డాక అందరం కొండలెక్కుతాం. పద్నాలుగుని వరండాలో పెట్టించు."

ఆయన మీద కోపం కంటే ముందు ఆవిడకి సిగ్గు వేసింది. ఈ మాటల్లో కొత్తదేమీ లేదు. ఇంట్లో తనూ, మొగుడూ పాతికేళ్లుగా అంటున్నవే. పరాయి నోట వినేసరికి ఎంత నీచంగా ఉన్నాయో తెలిసొచ్చింది.

"వరండాలో పెట్టనండీ," అంది. "నన్ను తీసేస్తే తీసెయ్యండి. కార్డు మాత్రం మారుతుంది."

*

ఆ సాయంత్రం వీధి కుళాయి దగ్గర అత్తగారు బిందె కింద పెట్టి నిలబడింది. కొలతలమ్మ వెళ్లి బిందె తను పట్టుకుంది.

"మీరు చెప్పింది నిజం అత్తయ్యా. ఎడమపక్క చూశాను. డెబ్బై మూడుకి ఇవతలిది కాదు."

"నాకు తెలీదా?"

"గడియారంగారు ఒప్పుకోనంటున్నాడు."

"ఆయన ఒప్పుకోకపోతే నాకు అన్నం అరగదా? యాభై ఏళ్లు ఆ బోర్డు మీద లేకుండానే తిన్నాను, తిరిగాను, పిల్లల్ని పెంచాను." బిందె నిండుతోంది, ఆవిడ నీళ్లకేసే చూస్తోంది. "మగాళ్లు నవ్వడం నాకు అలవాటే. గీత దాటి మోకాలు కొట్టుకుపోయి కూర్చుంటే అప్పుడూ నవ్వారు. నువ్వు నవ్వావే, అది మాత్రం ఇక్కడ తగిలిందే." గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది.

బిందె పొర్లి కొలతలమ్మ కాళ్లు తడిశాయి. "తప్పయిపోయింది అత్తయ్యా," అంది. "ఫ్రేము చూడకుండా వయసు రాయడం ఒక తప్పు. మిమ్మల్ని చూడకుండా నవ్వడం అంతకంటే పెద్ద తప్పు."

"సరే, ఏడవకు. కుళాయి కట్టు, నీళ్లు పోతున్నాయి," అంది అత్తగారు. "శనివారం నేనూ వస్తాను. బయటికి పొమ్మంటారేమో చూస్తాను," అంది. బిందె తనే చంకనెత్తుకుంది. కోడలు చెయ్యి చాపినా ఇవ్వలేదు.

*

శనివారం కొలతలమ్మ అందరికంటే ముందే హాలుకి వెళ్లింది. ఫ్రేముల కింద నంబర్లు, సంవత్సరాలు అందంగా రాసే పని కూడా ఆవిడదే కాబట్టి, తెల్ల రంగు డబ్బా, ఉడత వెంట్రుకల కుంచె, బ్లేడు, గుడ్డ పట్టుకెళ్లింది. అనుకున్నట్టే పద్నాలుగో నంబరు వెనక వరండాలో, విరిగిన కుర్చీల మధ్య ఉంది. దాన్ని భుజాన వేసుకుని తెచ్చి పెద్ద గోడ మీద, విజేతల బోర్డు పక్కనే తగిలించింది. ఎడమవైపు బయటికి పెట్టి తగిలించింది. మిగతా ఫ్రేములన్నీ ఒకవైపు చూస్తుంటే అదొక్కటే ఎదురు తిరిగి నిలబడింది. పాత కార్డు పక్కనే కొత్త కార్డు గుచ్చింది. పాతది చింపలేదు.

రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. గడియారంగారి అన్నయ్య చేతికర్ర ఊతంగా నెమ్మదిగా లోపలికి వచ్చాడు. పొడవాటి మనిషి, వంగిపోయాడు. వెనకే ముప్ఫై నలభై మంది. అత్తగారు తలుపు పక్కన నిలబడింది, పొమ్మనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

గడియారంగారు గోడ చూశాడు. మొహం మాడిపోయింది. "ఇదెవరు తిప్పి పెట్టారు?"

"నేనే పెట్టానండీ," అంది కొలతలమ్మ. ఇంకో మాట అడిగేదాకా ఆగకుండా కొత్త కార్డు తీసి పైకి చదివింది. పద్నాలుగో నంబరు ఫ్రేము డెబ్బై రెండు, డెబ్బై మూడు మధ్య కట్టింది. సైకిల్ పడి కుడి వెనక చీలిక వంగితే, దాన్ని డెబ్బై ఎనిమిదిలో మార్చారు. ఆదివారం పరీక్షకురాలు ఎడమవైపు చూడకుండానే సంతకం పెట్టింది, అది పరీక్షకురాలి తప్పు. ఒక్క మాటా మింగలేదు. చివర, "ఫ్రేము తనదంటున్నది మా అత్తగారు. అందుకని నన్ను నమ్మకండి. రండి, మీరే వేలు పెట్టి చూడండి," అని పక్కకి తప్పుకుంది.

ఒకరిద్దరు ముందుకొచ్చారు. రెండేళ్ల క్రితం జోకు వేసినాయన వంగి, అటు ఒకసారి ఇటు ఒకసారి వేలితో తడిమి, "ఇత్తడే," అన్నాడు.

"పాతదే అనుకుందాం!" గడియారంగారు చేతులెత్తాడు. "డెబ్బై మూడుదే అనుకుందాం. దాని మీద ఈవిడే ఎక్కిందని, మా అన్నయ్య కంటే ముందు వచ్చిందని ఫ్రేము చెబుతుందా?"

ఫ్రేము చెప్పదు. ఆ సంగతి కొలతలమ్మకి మొదటి నుంచీ తెలుసు. ఇనుము తన వయసు చెప్పగలదుగానీ తన మీద కూర్చున్నదెవరో చెప్పలేదు. ఆవిడ దగ్గర ఇంక కొలవడానికేమీ లేదు.

"ముందే వచ్చింది," అన్నారెవరో.

అన్నది చేతికర్ర మనిషి. ఆయన ఫ్రేముని చూడటం లేదు, తలుపు పక్కనున్న మనిషిని చూస్తున్నాడు. "చివరి మలుపు తిరిగి నేనొచ్చేసరికి గీతకి అవతల నేలమీద కూర్చుని మోకాలి మీద నీళ్లు పోసుకుంటోంది. సైకిల్ కుడిపక్కకి పడి ఉంది. నేను దాని పక్కనించే వెళ్లాను."

"అన్నయ్యా!" గడియారంగారు ఆయన వైపు తిరిగాడు. "ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదే!"

"ఎవరూ అడగలేదురా."

అత్తగారు జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చి ఆయనకి ఎదురుగా నిలబడింది. ఆయన భుజం దాకా కూడా రాదు. "అడగందే అమ్మైనా పెట్టదంటారు," అంది. "అది అన్నం సంగతయ్యా. నిజం సంగతి కాదు."

ఆయన తల దించుకున్నాడు. "తప్పే. కప్పు ఇంట్లోనే ఉంది. రేపు నేనే తెచ్చిస్తాను."

"నాకొద్దు. యాభై ఏళ్లుగా అందులో మీ ఇంట్లో ఏం పోసుకున్నారో ఏమో. బోర్డు సంగతి చూడండి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి నవ్వు ఆవిడ మీద కాదు. గడియారంగారు స్టాప్ వాచీ అరచేతిలో బిగించి పట్టుకుని, బోర్డు మార్చడమంటే సర్వసభ్య సమావేశం పెట్టాలని, తీర్మానం కావాలని, దానికి నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చెప్పుకుంటూ పోతున్నాడు. ఆయన చెబుతుండగానే కొలతలమ్మ స్టూలు లాగి బోర్డు కింద వేసింది. బ్లేడు, గుడ్డ, కుంచె తీసుకుని స్టూలెక్కింది.

"దిగమ్మా! ఇది పద్ధతి కాదు. నిన్ను పనిలోంచి తీసెయ్యాల్సొస్తుంది!"

"నోటీసు ఇవ్వండి. నెల రోజులుందిగా," అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

స్టూలు ఒక కాలు పొట్టిది, కదిలింది. అత్తగారు చేతికర్ర మనిషి వైపు చూసింది. "ఊరికే నిలబడతారేం? పట్టుకోండి."

ఆయన చేతికర్ర తమ్ముడి చేతికిచ్చి, ముందుకొచ్చి, రెండు చేతులా స్టూలు పట్టుకున్నాడు. పైన బ్లేడు ఆయన పేరు మీద కరకరమంటూ నడిచింది. యాభై ఏళ్ల తెల్లరంగు పొట్టుపొట్టుగా రాలి ఆయన నెత్తిన, భుజాల మీద పడింది. ఆయన దులుపుకోలేదు. గడియారంగారు అన్నగారి కర్ర పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక అలాగే ఉండిపోయాడు.

కొలతలమ్మ గుడ్డతో చెక్క తుడిచి, కుంచె రంగులో ముంచి, అంచుకి రాసి ఎక్కువైన రంగు తీసేసింది. డెబ్బై నాలుగు ఎదురుగా అత్తగారి పేరులో మొదటి అక్షరం దిద్దింది, రెండోది మొదలుపెట్టబోయింది.

"ఆగు," అంది కింద నుంచి అత్తగారు.

కుంచె గాల్లో ఆగింది. హాలంతా ఆవిడ వైపు తిరిగింది.

"అంత చిన్నగానా? చెరిపి మళ్లీ రాయి. తలుపు దగ్గర నిలబడితే కళ్లజోడు లేకుండా కనబడాలి నాకు."